ఒక్క రాత్రి, మూడు తరాల కథలు

ఒక నవలలో పది కథలుంటే వాటిని కలిపి పట్టుకునేది ఏమిటి? పాత్రలు ఒకరికొకరు చుట్టాలైనంత మాత్రాన చాలదు. ఒక కథ ముగిశాక ఇంకొకటి ఇప్పుడే ఎందుకు మొదలైందో చదివేవాళ్లకు తెలియాలి.

తెలుగులో ఈ పని 16వ శతాబ్దంలోనే జరిగింది. రాఘవపాండవీయమనే ద్వ్యర్థి కావ్యం రాసిన పింగళి సూరన, కళాపూర్ణోదయంలో పురాణాల మీద ఆధారపడకుండా సొంతంగా కథ అల్లాడు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథే భూమ్మీద జరిగి తీరుతుంది. మొదట్లో పడిన ముడి ఎక్కడో దూరాన గానీ విడిపోదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ దీన్ని నవలగా చదవాలన్నది అందుకే. పద్యంలో రాసినా, సూరన మన తొలి నవలాకారుడనే నా నమ్మకం.

బస్తర్ నుంచి వచ్చిన ఒక నవలలో ఇదే సమస్యకు ఇంకో జవాబు దొరుకుతుంది. అక్కడి జగదల్‌పూర్‌లో 1933లో పుట్టిన గుల్షేర్ ఖాన్ శానీ హిందీలో రాసిన 'కాలా జల్' 1965లో వచ్చింది. బస్తర్ అనగానే మనకు అడవి, గోండులు గుర్తొస్తారు. శానీ రాసింది అక్కడి మధ్యతరగతి ముస్లిం కుటుంబాల గురించి.

నవలలో అది షబె బరాత్, ముస్లింలు పోయినవాళ్ల కోసం ప్రార్థించే రాత్రి. కథ చెప్పే బబ్బన్ తన మేనత్త ఇంటికి వెళ్తాడు. పోయినవాళ్ల పేరున ఫాతిహా అనే ప్రార్థన చదవాలి. ఒక్కో పేరు వచ్చినప్పుడల్లా ఆ మనిషి బతుకు కళ్లముందు తెరుచుకుంటుంది. మీర్జా కరామత్ బేగ్ కాలం నుంచి బబ్బన్, మోహసిన్‌ల దాకా మూడు తరాలు అలా నడుస్తాయి. వాళ్లలో సల్లో ఆపా పేరు దగ్గర గుండె ఆగుతుంది. వయసులోనే పోయిన పిల్ల. ఆ చావు గురించి ఇంట్లో పెద్దలు నోరు విప్పరు. శానీ కూడా తీర్పు చెప్పడు. పిల్లవాడిగా బబ్బన్ చూసిన ముక్కల్నే మన ముందు పెడతాడు, కలుపుకోవడం మన వంతు.

సూరనలో కథల్ని కలిపేది రహస్యం. ఇక్కడ కలిపేది ప్రార్థన. ఎవరు పోయారో ముందే తెలుసు కాబట్టి ఉత్కంఠ ఉండదు. ఎలా బతికారన్నదే మిగులుతుంది. పేరులో ఉన్న నల్లనీళ్లు పారని నీళ్లు: బయట దేశం విడిపోతున్నా, లోపల ఆ ఇళ్లు కదలవు.

ఆ తర్వాత శానీ సాహిత్య అకాడమీ హిందీ పత్రిక 'సమకాలీన్ భారతీయ సాహిత్య'కు తొలి సంపాదకుడయ్యాడు, 1995లో కన్నుమూశాడు. ఈ నవల చదివేటప్పుడు బంధుత్వాల్ని ఒక కాగితం మీద రాసుకోండి. మొదటి వంద పేజీల్లో చాలామంది తికమకపడేది అక్కడే.