తూకానికీ కంప్యూటర్‌కూ నడుమ

స్వచ్ఛమైన సున్నపురాయిని బట్టీలో పూర్తిగా కాలిస్తే, ప్రతి 100 కిలోల రాయిలో దాదాపు 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్ రూపంలో గాలిలో కలిసిపోయి 56 కిలోల సున్నం మాత్రమే మిగులుతుంది. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోకి వచ్చిన పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పెట్టింది పేరు. ఇక్కడి వ్యాపారంలో లాభనష్టాలు ఈ లెక్కమీదనే ఆధారపడి ఉంటాయి కనుక, క్వారీ నుంచి వచ్చే రాయి, బట్టీలో వేసే బొగ్గు, బయటికి వెళ్లే సున్నం అన్నీ లారీతో సహా వేబ్రిడ్జి ఎక్కి దిగవలసిందే. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు, పత్తి జిన్నింగ్ మిల్లులకు, మిర్చి కోల్డ్ స్టోరేజీలకు కూడా కాటాయే ఆధారం. ఆ కాటా చూపిన అంకె కంప్యూటర్‌లోకి చేరి చీటీగా అచ్చయ్యే దారిలో ఎవరి కంటా పడని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. డ్రైవర్ అని పిలిచే ఆ సాఫ్ట్‌వేర్‌ను సరిగా ఇన్‌స్టాల్ చేయడం, కాటాకు సీలు వేయించడంతో సమానమైన శ్రద్ధతో చేయవలసిన పని.

లారీ నిలిచే ఇనుప ప్లాట్‌ఫారం కింద లోడ్‌సెల్స్ అనే సాధనాలు ఉంటాయి. బరువు పడినప్పుడు వాటిలోని లోహం కంటికి కనిపించనంత స్వల్పంగా వంగుతుంది, ఆ వంపుకు తగినట్టు కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్ సంకేతం పుడుతుంది. ఆ సంకేతాలను జంక్షన్ బాక్సులో కలిపి గదిలోని ఇండికేటర్‌కు పంపితే, అది వాటిని కిలోలలోకి మార్చి ఎర్రటి అంకెలుగా చూపుతుంది. అదే అంకెను ఇండికేటర్ తన వెనుకనున్న తొమ్మిది పిన్నుల సాకెట్ ద్వారా, ఒక్కొక్క బిట్‌ను వరుసగా పంపే సీరియల్ పద్ధతిలో, ఎడతెగకుండా కంప్యూటర్‌కు అందిస్తూ ఉంటుంది. లోడు లారీ తూకంలోంచి ఖాళీ లారీ తూకం తీసివేసి నికర తూకం తేల్చే ప్రోగ్రాం ఆ ప్రవాహంలోంచే అంకెను అందుకుంటుంది.

ఆ సాకెట్ పాటించే ప్రమాణం పేరు ఆర్‌ఎస్‌-232. అమెరికాలో 1960లో, టెలిప్రింటర్ల వంటి యంత్రాలను మోడెమ్‌లతో కలపడానికి రూపొందిన ఈ ప్రమాణం, 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌తో బల్లమీది కంప్యూటర్లలో విస్తృతంగా స్థిరపడింది. 1996లో యూఎస్‌బీ వచ్చిన తరువాత కంప్యూటర్ తయారీదారులు పాత సాకెట్‌ను క్రమంగా తీసివేశారు, కాని ఇండికేటర్లు, ఫ్యాక్టరీ యంత్రాలను నడిపించే పీఎల్‌సీలు, ప్రయోగశాల పరికరాలు దానిని వదల్లేదు. మూడే తీగలతో పని జరిగిపోతుంది, ఏళ్ల తరబడి చెడిపోదు; అటువంటిదాన్ని కొత్తదనం కోసం మార్చవలసిన అవసరం ఫ్యాక్టరీకి ఉండదు. పాత సాకెట్ ఉన్న ఇండికేటర్‌ను, ఆ సాకెట్ లేని కంప్యూటర్‌ను కలిపేది యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కన్వర్టర్.

కన్వర్టర్‌లో అసలు పని చేసేది ఒక చిప్. దాన్ని యూఎస్‌బీ సాకెట్‌లో పెట్టగానే, తయారీ సంస్థను తెలిపే ఒక సంఖ్యను, ఉత్పత్తిని తెలిపే మరొక సంఖ్యను అది విండోస్‌కు చెబుతుంది. విండోస్ తన వద్ద ఉన్న జాబితాలో ఆ జంట సంఖ్యలకు సరిపోయే డ్రైవర్‌ను వెదికి, దొరికితే దాని సాయంతో చిప్‌ను ఒక సీరియల్ పోర్టుగా, అంటే కామ్ 3, కామ్ 4 వంటి పేరుగల ద్వారంగా, తూకం ప్రోగ్రాంకు చూపిస్తుంది. ఆ ద్వారం వెనుక ఉన్నది నిజమైన పాత సాకెట్ కాదని ప్రోగ్రాంకు తెలియదు, తెలియవలసిన పని కూడా లేదు. డ్రైవర్ దొరకకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం పక్కన పసుపు త్రికోణం, దాని వివరాలలో కోడ్ 28 కనిపిస్తాయి.

అందువల్ల ఇన్‌స్టాల్ చేసే మనిషికి కన్వర్టర్ డబ్బామీది బ్రాండు కన్నా లోపలి చిప్ ముఖ్యం. స్కాట్లాండ్‌కు చెందిన ఎఫ్‌టీడీఐ, తైవాన్‌కు చెందిన ప్రోలిఫిక్, అమెరికాకు చెందిన సిలికాన్ ల్యాబ్స్, చైనాకు చెందిన డబ్ల్యూసీహెచ్ సంస్థల చిప్‌లు తరచుగా కనిపిస్తాయి. డివైస్ మేనేజర్‌లో పరికరం మీద రైట్‌క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్ పేజీలో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే, తయారీ సంస్థ సంఖ్య 0403 ఉన్నది ఎఫ్‌టీడీఐ అనీ, 067బీ ఉన్నది ప్రోలిఫిక్ అనీ, 1ఏ86 ఉన్నది డబ్ల్యూసీహెచ్ అనీ పోల్చుకోవచ్చు. ఆ సంస్థ సొంత వెబ్‌సైట్ నుంచే డ్రైవర్ తీసుకోవాలి తప్ప, ఎవరో కట్టగట్టి పెట్టిన ‘అన్ని డ్రైవర్లు ఒకేచోట’ తరహా ఫైళ్ల జోలికి పోకూడదు, ఎందుకంటే డ్రైవర్ ఆపరేటింగ్ సిస్టమ్ లోలోపల నడిచే ప్రోగ్రాం కనుక దానిలో దూరిన చెడు మొత్తం కంప్యూటర్‌ను పట్టుకుంటుంది. 64 బిట్ విండోస్ డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ను కోడ్ 52 చూపి ఆపివేయడానికి కారణం కూడా ఇదే. ఆ కాపలాను ఎత్తివేసి పని కానివ్వడం కొందరు మెకానిక్‌లకు అలవాటు గాని, అది మంచి అలవాటు కాదు. అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న ఖాతాలో, కన్వర్టర్‌ను ముందుగా తీసివేసి, డ్రైవర్‌ను ఇన్‌స్టాల్ చేసి, ఆ తరువాతనే కన్వర్టర్ తగిలించడం చాలా పరికరాలకు నమ్మకమైన క్రమం.

కన్వర్టర్ నిన్నటిదాకా పనిచేసి, విండోస్ అప్‌డేట్ తరువాత ఆగిపోయిందంటే నకిలీ చిప్‌ను అనుమానించవచ్చు. 2014లో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవర్, తన చిప్‌కు నకళ్లుగా గుర్తించిన వాటి ఉత్పత్తి సంఖ్యను సున్నాగా మార్చివేయడంతో అవి ఏ కంప్యూటర్‌లోనూ గుర్తింపు లేనివైపోయాయి. విమర్శలు చెలరేగాక ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. ప్రోలిఫిక్ తన పాత చిప్‌లకు 2012లోనే స్వస్తి చెప్పింది కనుక, కొత్త విండోస్‌లో కొత్త డ్రైవర్ వాటిని, వాటి నకిలీలను నడపక కోడ్ 10 చూపుతుంది. పాత డ్రైవర్ వేసి నెట్టుకురావడం సాధ్యమే అయినా, విండోస్ తిరిగి కొత్తది తెచ్చి పెట్టినప్పుడల్లా కాటా ఆగుతుంది. చౌక కన్వర్టర్ కొని ఆదా చేసిన నాలుగు రూకలు, లోడు లారీలు క్యూలో ఆగిన ఒక్క పూటకే ఆవిరైపోతాయి.

డ్రైవర్ సవ్యంగా ఎక్కినా పోర్టు సంఖ్య దగ్గర చిక్కు రావచ్చు. సొంత సీరియల్ నంబరు ఉన్న చిప్‌ను ఏ యూఎస్‌బీ సాకెట్‌లో పెట్టినా విండోస్ పాత కామ్ సంఖ్యనే ఇస్తుంది. ఆ నంబరు లేని చిప్‌ను సాకెట్ మార్చి పెట్టిన ప్రతిసారీ కొత్త పరికరంగా ఎంచి కొత్త సంఖ్య ఇస్తుంది. ఊడ్చేటప్పుడో, ప్రింటర్ మార్చేటప్పుడో పీకిన వైరు పక్క సాకెట్‌లోకి వెళితే నిన్నటి కామ్ 3 నేడు కామ్ 5 అవుతుంది, ప్రోగ్రాం మాత్రం కామ్ 3 వద్దనే కాచుకుని కూర్చుంటుంది. విజువల్ బేసిక్ 6 కాలపు ప్రోగ్రాంలలో వాడిన సీరియల్ భాగం 1 నుంచి 16 వరకే పోర్టులను గుర్తిస్తుంది కనుక, సంఖ్య 17కు చేరితే ఇక దానికి కన్వర్టర్ కనిపించదు. డివైస్ మేనేజర్‌లో దాగిన పరికరాలను బయటపెట్టి పాత పోర్టులను తొలగించి, పోర్ట్ సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ పేజీలో సంఖ్యను వెనక్కి తెచ్చి, ఆ యూఎస్‌బీ సాకెట్‌కు పక్కనే ఒక గుర్తు అంటించడం శాశ్వత పరిష్కారం. విద్యుత్ ఆదా కోసం యూఎస్‌బీని నిద్రపుచ్చే ఏర్పాటును కూడా అదే సమయంలో తీసివేయాలి. లేకుంటే రాత్రిపూట లారీల మధ్య విరామం పెరిగినప్పుడు పోర్టు నిద్రపోతుంది.

తప్పు డ్రైవర్‌దో, కేబుల్‌దో, ఇండికేటర్‌దో తేల్చడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. కన్వర్టర్‌ను ఇండికేటర్ నుంచి విడదీసి, తొమ్మిది పిన్నులలో డేటాను అందుకునే 2వ పిన్నును, పంపే 3వ పిన్నును చిన్న తీగ ముక్కతో కలిపి, ఏదైనా టెర్మినల్ ప్రోగ్రాంలో ఆ పోర్టు తెరిచి అక్షరాలు టైప్ చేస్తే, పంపిన అక్షరమే తిరిగి తెరమీదికి రావాలి. అలా వస్తే డ్రైవర్, చిప్ రెండూ బాగున్నట్టే. వెదకవలసింది కేబుల్‌లోనో సెట్టింగుల్లోనో. ఇండికేటర్ సెకనుకు 9600 బిట్‌ల వేగంతో పంపుతుండగా ప్రోగ్రాం 2400 వద్ద వింటుంటే అంకెల స్థానంలో అర్థంలేని గుర్తులు పడతాయి. వేగంతో పాటు డేటా బిట్‌లు, పారిటీ, స్టాప్ బిట్ కూడా రెండువైపులా ఒకటిగా ఉండాలి. పారిటీ అంటే దారిలో బిట్ చెడిందేమో పోల్చుకోవడానికి చేర్చే అదనపు బిట్.

పారిశ్రామిక కన్వర్టర్‌కు మామూలు కన్వర్టర్‌కన్నా ఎక్కువ ధర పెట్టవలసి రావడానికి కారణం డ్రైవర్ కాదు, ఐసొలేషన్. కాటా ఆరుబయట, కంప్యూటర్ గదిలో ఉంటాయి. రెండింటి ఎర్తింగ్ వేరైతే తీగ గుండా అక్కరలేని విద్యుత్ పారుతుంది, సమీపంలో పిడుగు పడితే అదే తీగ గుండా వచ్చే తాకిడికి కంప్యూటర్ మదర్‌బోర్డే పోవచ్చు. ఐసొలేషన్ ఉన్న కన్వర్టర్‌లో రెండువైపులా నేరుగా తీగ సంబంధం లేకుండా కాంతి ద్వారానో అయస్కాంత క్షేత్రం ద్వారానో సంకేతం దాటుతుంది కనుక నష్టం చాలావరకు అక్కడే ఆగుతుంది. అయితే నేరుగా పడే పిడుగును అది కూడా తట్టుకోలేదు. ఆర్‌ఎస్‌-232 తీగను సాధారణంగా 15 మీటర్లకు మించి లాగరాదు. అంతకు మించిన దూరమైతే దాదాపు 1200 మీటర్ల వరకు పనిచేసే ఆర్‌ఎస్‌-485 అనే మరో ప్రమాణాన్ని వాడతారు.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, డ్రైవర్ మొరాయించిన రోజున చాలాచోట్ల జరిగేది ఇండికేటర్ చూసి అంకెను చేత్తో టైప్ చేయడం. ఆ క్షణం నుంచి 24,560 కాస్తా 25,460 కావడానికి ఒక్క తడబాటు చాలు, అది తడబాటా ఉద్దేశమా అని అనుమానించడానికి అవతలివాడికి హక్కు ఉంటుంది. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం తూనిక సాధనాన్ని పరీక్షించి ముద్ర వేయాలంటుంది. రాయి తోలిన లారీ యజమాని, పత్తి తెచ్చిన రైతు చేతికి అందేది మాత్రం చీటీ. ముద్ర ఉన్న కాటాకు, ఆ చీటీకి మధ్య చేయి పడకుండా చూసేది ఈ కన్వర్టర్, దాని డ్రైవర్.

కనుక ప్రతి వేబ్రిడ్జి గదిలో కన్వర్టర్ చిప్‌కు సరిపోయే డ్రైవర్ ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో, కామ్ సంఖ్య, వేగం, పారిటీ రాసిన కాగితం ఇండికేటర్ పక్కన, అదే చిప్ ఉన్న మరో కన్వర్టర్ సొరుగులో ఉంచుకోవాలి; కంప్యూటర్ మార్చినా, విండోస్ మళ్లీ వేసినా, ఇంటర్నెట్ లేని రాత్రివేళ అయినా డ్యూటీలో ఉన్న గుమాస్తా వాటితో కాటాను తిరిగి నడిపించగలడు.