కొత్త విండోస్‌కు మారేముందు: అప్‌గ్రేడా, క్లీన్ ఇన్‌స్టాలా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఆ కంప్యూటర్లు మర్నాడు కూడా మామూలుగానే పనిచేశాయి. కానీ అదనపు భద్రతా పథకంలో చేరని వాటికి, కొత్తగా బయటపడే లోపాలను సరిచేసే అప్‌డేట్లు అందవు. అందుకే చాలామంది విండోస్ 11 వైపు చూస్తున్నారు. దానికి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా వ్యవస్థ, జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. ఇవన్నీ ఉన్నా మరో ప్రశ్న మిగులుతుంది. ఉన్నదాన్నే అప్‌గ్రేడ్ చేయాలా? లేక డిస్క్‌ను తుడిచి మొదటినుంచి ఇన్‌స్టాల్ చేయాలా?

లోపల జరిగేది ఏమిటి?

పాత విండోస్ మీదే కొత్తది అతుకులేసినట్టు కూర్చుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అప్‌గ్రేడ్‌లోనూ సిస్టమ్ ఫైళ్లు కొత్తగానే వస్తాయి. పాతవి ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ఆ తర్వాత ప్రోగ్రాములు, సెట్టింగులు, డ్రైవర్లు, వ్యక్తిగత ఫైళ్లు కొత్త వ్యవస్థలోకి చేరతాయి. నచ్చకపోతే సాధారణంగా 10 రోజుల్లోపు వెనక్కి వెళ్లవచ్చు.

ఈ వలసలో మంచితోపాటు చెడూ వస్తుంది. సరిపడని డ్రైవర్, వాడని ప్రోగ్రాములు, కొన్నిసార్లు వైరస్ కూడా వెంట వస్తాయి. క్లీన్ ఇన్‌స్టాల్‌లో ఇవేవీ మిగలవు. అలాగే ప్రోగ్రాములూ మిగలవు, తుడిచిన భాగంలోని ఫైళ్లూ మిగలవు.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ‘సీ డ్రైవ్ మాత్రమే ఫార్మాట్ చేస్తాం, మన ఫైళ్లు డీలో ఉన్నాయిగా’ అనుకుంటారు. కానీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మనం మార్చకపోతే సీ డ్రైవ్‌లోనే ఉంటాయి.

నెమ్మదించిన కంప్యూటర్‌కు మందు

వేగం కోసమే క్లీన్ ఇన్‌స్టాల్ చేయాలనుకునేవారు ముందు డిస్క్ ఏ రకానిదో చూసుకోవాలి. తిరిగే హార్డ్ డిస్క్‌లో సమాచారం ఉన్న చోటికి సూది చేరడానికి ఒక్కోసారి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు కాబట్టి అదే పనికి 0.1 మిల్లీసెకను చాలు. హార్డ్ డిస్క్ వల్ల వచ్చిన ఆలస్యాన్ని ఏ ఇన్‌స్టాలూ తీర్చదు.

తెలుగు ఫైళ్ల సంగతి

తెలుగు రాష్ట్రాల డీటీపీ కేంద్రాలకు ఇంకో చిక్కుంది. అను వంటి పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన సంఖ్యల దగ్గరే తెలుగు అక్షరాల బొమ్మలు ఉంటాయి. ఫైలులో దాగేది ఆ సంఖ్యలే, తెలుగుగా చూపేది ఫాంటు. ఫాంటు పోతే ‘పెళ్లి శుభలేఖ’ అన్నచోట అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత సంఖ్యలున్నాయి కాబట్టి దానిలో టైప్ చేసిన ఫైళ్లకు ఈ బెడద లేదు. పాత ఫాంట్లు, వాటి సాఫ్ట్‌వేర్, పేజ్‌మేకర్ వంటి ప్రోగ్రాముల ఇన్‌స్టాలేషన్ సీడీలు చేతిలో లేకపోతే ఏళ్లనాటి ఫైళ్లు భద్రంగా ఉన్నా తెరవలేం. అలాంటివారికి అప్‌గ్రేడే మేలు. అయినా ఆ ప్రోగ్రాము కొత్త విండోస్‌లో పనిచేస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి.

ఏది ఎప్పుడు?

కంప్యూటర్ సవ్యంగా నడుస్తూ ఉంటే అప్‌గ్రేడ్ సరిపోతుంది. వైరస్ సోకినా, తరచూ ఆగిపోతున్నా, వేరొకరి నుంచి కొన్నదైనా క్లీన్ ఇన్‌స్టాల్ మంచిది. అదే కంప్యూటర్‌లో విండోస్ ఇదివరకే యాక్టివేట్ అయివుంటే సాధారణంగా మళ్లీ కొనాల్సిన పని లేదు.

ఏ దారి ఎంచుకున్నా ముఖ్యమైన ఫైళ్లను ముందుగా బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. డ్రైవ్‌కు బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. కాపీ చేసిన ఫైళ్లలో నాలుగైదింటిని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశాకే ఇన్‌స్టాల్ బటన్ నొక్కాలి.