అన్నీ 'డర్టీ'యేనా? మరక మరకకో మాట!

మాది మొయినాబాద్ దగ్గర సురంగల్. మా వైపు కూరగాయల తోటలు ఎక్కువ. ఒకరోజు సాయంత్రం మా అత్తమ్మ టమాట తోట నుంచి వచ్చి అరుగు మీద కూర్చుంది. టమాట చెట్ల మధ్య తిరిగితే ఆకు పసరు చేతులకు, చీరకు అంటుకుని నల్లగా అవుతుంది, మీకు తెలిసిందే. ఐదో తరగతి చదివే మా చిన్నోడు ఆమె పక్కన కూర్చోబోయి, చీర చూసి, "ఛీ నానమ్మా, డర్టీ!" అంటూ దూరం జరిగాడు.

ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ మనవడి మొహం చదవడం వచ్చు కదా! "ఇది మురికి గాదు బిడ్డా, పసరు" అని మెల్లగా లేచి తొట్టి దగ్గరికి పోయింది. పచ్చి టమాట ఒకటి పిసికి చేతులకు రుద్దుకుంది. పసరు వదిలింది. వాడన్న మాట మాత్రం నా మనసులోంచి వదల్లేదు. ఆ పసరు అంటిన చేతులతోనే కదా వాడి స్కూలు ఫీజు కట్టేది!

నేను ఇంటర్ దాకా చదువుకున్నాను. ఆ రాత్రి నా పాత డిక్షనరీ దుమ్ము దులిపి తీశాను. చూస్తే ఇంగ్లీషువాళ్ళు కూడా ఒక్క 'డర్టీ'తో సరిపెట్టుకోలేదు. దేని పేరు దానికి పెట్టుకున్నారు. పేరు తెలిస్తే మందు తెలుస్తుంది. పేరు తప్పు చెబితే ఎదుటి మనిషికి నొప్పి తగులుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు మీతో పంచుకుంటున్నాను.

మాసినది వేరు, మురికిది వేరు

కట్టి విడిచిన చీరను మాసింది అంటాం. ఇంగ్లీషులో అది సాయిల్డ్. మురికి పట్టింది డర్టీ. చూస్తేనే అసహ్యం వేస్తే ఫిల్తీ. బురద అంటితే మడ్డీ, దుమ్ము పడితే డస్టీ. పొలం నుంచి వచ్చిన మనిషి కాళ్ళు మడ్డీ, అంతే. ఆ మనిషి డర్టీ కాదు.

సాయిల్డ్ అన్న మాట బ్యాంకులో కూడా వినిపిస్తుంది. చేతులు మారి మారి మాసి నలిగిన నోట్లను సాయిల్డ్ నోట్లు అంటారు. ముక్క పోయిన నోట్లు మ్యుటిలేటెడ్ నోట్లు. మనం పోపుల డబ్బాలో దాచుకుంటే మాసిపోయిన నోటు ఉందనుకోండి, పారేయకండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం వాణిజ్య బ్యాంకుల బ్రాంచీల్లో మార్చి ఇవ్వాలి. అక్కడ మనకు ఖాతా లేకపోయినా సరే. ముక్క పోయిన నోటుకైతే, మిగిలిన భాగం ఎంత ఉందో చూసి విలువ కడతారు.

ఉతికినా ఉండేది మరక

ఉతికితే పోయేది మురికి, ఉతికినా ఉండేది మరక. దాన్నే స్టెయిన్ అంటారు. మన వంటింటి స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆ పేరు అందుకే వచ్చింది, తొందరగా మరక పట్టని ఉక్కు అని. ఇక ఏ మరకకు ఏం చేయాలో చూడండి.

● పసుపు మరక: సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. కంగారు పడకండి, అది పసుపు గుణం. బాగా ఉతికి ఎండలో ఆరేయండి. ఎండకే రంగు తగ్గిపోతుంది.

● రక్తం మరక: చన్నీళ్ళలోనే నానబెట్టాలి. వేడి నీళ్ళు పోస్తే మరక బట్టను పట్టుకుని కూర్చుంటుంది.

● టీ మరక: ఆరిపోకముందే చన్నీళ్ళు పోసి జాడించాలి, తర్వాత సబ్బు.

● బాల్‌పెన్ను మరక: కింద పాత గుడ్డ పెట్టి, దూదిని స్పిరిట్‌లో ముంచి అద్దాలి. రుద్దితే మరక పాకుతుంది. పొయ్యికి దూరంగా కూర్చుని చేయండి.

● తుప్పు మరక: ఇంగ్లీషులో రస్ట్. తెల్ల బట్ట మీదైతే నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపు ఎండలో ఉంచి ఉతకండి.

ఒక్క జాగ్రత్త! మరక పోవాలని బ్లీచింగును, బాత్రూం కడిగే యాసిడ్‌ను ఎప్పుడూ కలపకండి. దాంట్లోంచి వచ్చే క్లోరిన్ గాలి ప్రాణం మీదికి తెస్తుంది.

వంటింట్లో ఏవి ఏమిటి?

గిన్నె అడుగున పట్టే మసి సూట్. తొడుక్కునే సూటు వేరు, స్పెల్లింగు వేరు! నూనె జిడ్డుంటే గ్రీజీ. జిడ్డు మీద దుమ్ము చేరి, కిటికీ జాలీకి, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి గట్టిగా పేరుకునేది గ్రైమ్. దీనికి ఉత్త నీళ్ళు చాలవు, వేడి నీళ్ళలో వాషింగ్ సోడా కావాలి. ఇత్తడి, వెండి మెరుపు పోయి నల్లబడితే టార్నిష్. ఇత్తడికి చింతపండు ఉండనే ఉంది.

ఒక్కచోట మాత్రం మనమే జాగ్రత్తగా ఉండాలి. మూలల్లో వేలాడేదీ బూజే, రొట్టె మీద పట్టేదీ బూజే మనకు. ఇంగ్లీషులో మొదటిది కాబ్‌వెబ్, రెండోది మోల్డ్. కాబ్‌వెబ్‌ను దులిపేస్తే పోతుంది. మోల్డ్ దులిపితే పోయేది కాదు. పైకి కనిపించకుండా లోపలికి పాకుతుంది. బూజు పట్టిన బ్రెడ్డును ఆ ముక్క వరకు తుంచేసి తినకండి, పిల్లలకు పెట్టకండి.

తోమినా పోని మరక

నల్లగొండ, ప్రకాశం వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు చూస్తాం. వాటిని ఇంగ్లీషులో మాటిల్డ్ టీత్ అంటారు. మన దేశంలో ఈ జబ్బును 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో మొదట గుర్తించారు. లీటరు నీళ్ళలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడే మచ్చ అది. తోముకోకపోతే వచ్చింది కాదు. అలాంటి పిల్లను పెళ్ళిచూపుల్లో "పళ్ళు శుభ్రం లేవు" అని అనడం ఎంత పాపం!

డాక్టరమ్మ అడిగితే...

మా బంధువుల్లో ఒకామెకు ముట్లు ఆగిపోయి రెండేళ్ళయ్యాక బట్టకు చిన్న చిన్న మరకలు కనిపించాయి. 'ఏదో మైల' అనుకుని ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి ఆస్పత్రికి పోతే డాక్టరమ్మ "స్పాటింగ్ ఉందా?" అని అడిగింది. ఒంటి మీద మచ్చలేమో అనుకుని ఈమె లేవంది! నయం, డాక్టరమ్మ మళ్ళీ తెలుగులో అడిగింది, "బట్టకు బొట్లు బొట్లుగా మరక అవుతోందా తల్లీ?" అని. అప్పుడు బయటపడింది. పరీక్షలు చేసి, గర్భసంచిలో ఉన్న చిన్న కండ తీసేశారు. ఇప్పుడు బాగుంది.

అందుకే గుర్తుంచుకోండి. బొట్లుగా కనిపిస్తే స్పాటింగ్, పారితే బ్లీడింగ్. ముట్లు ఏడాదిపాటు పూర్తిగా ఆగాక ఒక్క బొట్టు కనిపించినా డాక్టరుకు చూపించాలి. కడుపుతో ఉన్నప్పుడు కూడా అంతే. పాప్ స్మియర్ అన్నా భయపడకండి. స్మియర్ అంటే పులమడం. గర్భాశయ ముఖద్వారం నుంచి కొద్దిగా తీసి, గాజుపలక మీద పులిమి పరీక్ష చేస్తారు, అందుకే ఆ పేరు.

ఇంట్లో ఈడొచ్చిన ఆడపిల్ల ఉంటే ఇంకో మాట. పరికిణీకి మరకైతే "ఛీ" అనకండి. అది ఉత్త స్టెయిన్. చన్నీళ్ళు, సబ్బు, ఎండ చాలు. 'డర్టీ' అన్న మాట మాత్రం ఆ పిల్ల మనసులో పడితే ఏ సబ్బుకూ పోదు.

మర్నాడు మా చిన్నోణ్ణి కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పాను. ఆకు పసరు మరకను గ్రాస్ స్టెయిన్ అంటారని కూడా చెప్పాను. సాయంత్రం అత్తమ్మ రాగానే వాడే ఎదురెళ్ళాడు. "నానమ్మా, నీ చీరకు గ్రాస్ స్టెయిన్ అయింది! డర్టీ కాదంట" అన్నాడు. ఆమె నవ్వి, "గదే గదరా నేను నిన్న చెప్పింది, పసరని!" అంది. వాడు పోయి పచ్చి టమాట తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

మీ ఇంట్లో కూడా రోజుకొక మాట పిల్లలకు నేర్పి చూడండి. ఇంగ్లీషూ వస్తుంది, మన తెలుగు మాటా మిగులుతుంది. ఏమంటారు?