చెరువు అంచున ఊబి: పిల్లలకు ఇవి చెప్పండి



మన చేవెళ్ల, మొయినాబాద్ పిల్లలకు 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్ బాగా తెలుసు. నీళ్లు తగ్గినప్పుడు ఇలాంటి జలాశయాల అంచున మట్టి పైకి ఎండినట్టున్నా, అడుగున మెత్తటి బురద ఉండొచ్చు.

ఇసుక, ఒండ్రు రేణువుల మధ్య నీరు నిండి బయటికి పోలేకపోతే ఊబి ఏర్పడుతుంది. కాలు పడగానే రేణువుల పట్టు సడలి నేల ద్రవంలా మారుతుంది. ఆ తర్వాత ఇసుక కాలి చుట్టూ బిగుసుకుంటుంది.

సినిమాల్లోలా ఇసుక ఊబి మనిషిని నిలువునా మింగదు. దాని సాంద్రత మన శరీరం కంటే దాదాపు రెట్టింపు. అసలు ప్రమాదం కదల్లేకపోవడం, ఈలోగా నీరు పెరగడం.

ఇరుక్కుంటే గింజుకోవద్దు. బ్యాగు వదిలేసి, వెనక్కి వాలి, కాళ్లను మెల్లగా కదిలిస్తూ తీయాలి. స్నేహితుడు ఇరుక్కుంటే దిగొద్దు. గట్టు మీది నుంచే కర్ర అందించి, 112కు ఫోన్ చేయాలి. పెద్దలు తోడు లేకుండా నీటి అంచుకు వెళ్లనే వద్దు.