గిన్నెలో మంట, గిన్నెలోనే మందు

జపాన్‌వాళ్లది చప్పిడి తిండి అన్న మాట పాతబడింది. ఎర్రగా నూనె తేలే రామెన్ అనే నూడుల్స్ సూప్ కోసం అక్కడ మధ్యాహ్నం ఎండలోనూ వరస కడుతున్నారు. కారానికి కొత్తయిన దేశం దాన్ని తనదైన పద్ధతిలో మలుచుకున్న తీరు ఇది.

మిరపకాయ మనకీ జపాన్‌కీ చేరింది దాదాపు ఒకే కాలంలో, పదహారో శతాబ్దంలో. మనకి తెచ్చింది పోర్చుగీసువాళ్లు. జపాన్‌కీ వాళ్ల ద్వారానే వెళ్లిందని ఎక్కువగా చెబుతారు. మనం దాన్ని రోట్లో నూరాం, ఆవపిండితో కలిపి జాడీలకెత్తాం. వాళ్లు చిటికెడు దగ్గరే ఆగిపోయారు. 1625లో ఇప్పటి టోక్యోలో యగెన్‌బోరి అనే దుకాణం షిచిమి అమ్మడం మొదలుపెట్టింది. అది ఏడు దినుసుల పొడి, మిరప అందులో ఒకటి. దాన్ని నూడుల్స్ మీద కాస్త చల్లుకుంటే చాలు, చాలాకాలం వాళ్లకి అదే కారం.

సిచువాన్ నుంచి వచ్చిన ఎరుపు

రామెన్‌కి మూలం చైనా గోధుమ నూడుల్స్. పిండిలో క్షారగుణం ఉన్న కన్‌సుయి కలుపుతారు కాబట్టి వాటికి ఆ పసుపు రంగు, సాగుడు వస్తాయి. టోక్యోలోని అసకుసాలో 1910లో తెరిచిన రైరైకెన్‌తో ఈ వంటకం జనంలోకి వెళ్లింది. కారం రామెన్ మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సంగతి.

ఆ కథలో ముందు చెప్పుకోవాల్సిన పేరు చెన్ కెన్‌మిన్. చైనాలోని సిచువాన్‌లో పుట్టిన ఈ వంటవాడు 1952లో జపాన్ వచ్చి, 1958లో టోక్యోలో సొంత హోటల్ పెట్టాడు. సిచువాన్‌లో కావడి మోసుకుంటూ వీధుల్లో అమ్మే నూడుల్స్‌లో సూప్ బహు తక్కువ, ఘాటు ఎక్కువ. ఆ ఘాటుని జపాన్ నాలుక తట్టుకోదని ఆయన గ్రహించాడు. సూప్ పెంచి, నువ్వుల ముద్ద కలిపి మంటను మెత్తబరిచాడు. అదే ఇవాళ దేశమంతా తినే తన్‌తన్‌మెన్.

తర్వాత ఊరికో రకం పుట్టింది. చిబా తీరంలోని కత్సుఉరాలో సోయాసాస్ సూప్ మీద మిరపనూనె, ఉల్లిపాయ, పంది కైమా వేస్తారు. సముద్రం నుంచి చలికి వణుకుతూ వచ్చే జాలర్లకీ, నీట మునిగే గజఈత ఆడవాళ్లకీ ఒళ్లు వెచ్చబడటానికి అది పనికొచ్చింది. నగోయాలో మిసెన్ అనే హోటల్ యజమాని తైవాన్‌లో పుట్టినవాడు. 1970లలో ఆయన తన పనివాళ్ల కోసం కైమా, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి వండిన నూడుల్స్‌కి ‘తైవాన్ రామెన్’ అని పేరొచ్చింది. ఆ వంటకం పుట్టింది మాత్రం తైవాన్‌లో కాదు!

కారానికి నంబర్లు

మనింట్లో కారం వండేవాళ్ల చేతిలో ఉంటుంది. అక్కడ తినేవాళ్ల చేతిలో ఉంటుంది. గుమ్మం దగ్గర మిషన్‌లో డబ్బులేసి టికెట్ తీసుకుని, కౌంటర్ ముందు కూర్చుని, ఎంత కారమో చెప్పాలి. టోక్యోలోని ‘మోకో తన్‌మెన్ నకమోతో’లో సున్నా నుంచి పది దాకా మెట్లున్నాయి. పై మెట్ల మీద ఉండే ఓ వంటకం పేరు ‘ఉత్తరధ్రువం’! 1998లో మూతపడిన ఆ హోటల్ని 2000లో మళ్లీ తెరిచింది అక్కడ రోజూ తినే ఓ అభిమానే. కందా ప్రాంతంలోని కికన్‌బోలో రెండు లెక్కలు చెప్పాలి. మిరప మంట ఎంత, సన్‌షో మిరియం తెచ్చే తిమ్మిరి ఎంత అని విడివిడిగా అడుగుతారు. అన్నిటికంటే పై మెట్టుకి రాక్షసుడి పేరు పెట్టారు. దానికి అదనంగా డబ్బు కట్టాలి.

గుంటూరు నాలుకకీ గండమే

ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. గుంటూరు కారం తిన్న నాలుకకి ఇదో లెక్కా అనుకుంటారు. మిరపలోని కాప్సైసిన్, నిప్పులాంటి వేడి, రెండూ నాలుక మీద తట్టేది ఒకే గ్రాహకాన్ని. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. పొగలు కక్కే సూప్‌లో కారం రెట్టింపుగా తోచడానికి కారణం అదే. పైగా కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. గ్లాసు మీద గ్లాసు మంచినీళ్లు తాగినా మంట నోరంతా పాకుతుందే తప్ప తగ్గదు.

మన భోజనంలో మంటకి అడుగడుగునా విరుగుడుంది. ఆవకాయకి నెయ్యి, చివర్లో పెరుగన్నం. రామెన్‌కి ఆఖరున పెరుగు రాదు. అందుకని విరుగుడంతా గిన్నెలోనే ఏర్పాటు చేశారు. సగం ఉడికిన గుడ్డు సొన, నువ్వుల ముద్ద, ఎముకల సూప్‌లోని కొవ్వు, చల్లదనం కోసం మొలకలు. అలంకారం కోసం వేసింది అందులో ఒక్కటీ లేదు. మంచి కారం రామెన్ గొప్పతనం మంటలో కంటే ఈ పొందికలోనే ఉంది.

వెళ్లేవాళ్లకి

మొదటిసారి మధ్య మెట్టు దాటకండి. గుడ్డు అదనంగా చెప్పండి. నూడుల్స్ జుర్రుకుంటూ తినడం అక్కడ మర్యాదే కానీ, ఎర్రటి సూప్‌ని గట్టిగా పీలిస్తే కారం గొంతుకి తగిలి పొలమారుతుంది. ఎవరో తలుచుకున్నారని సరిపెట్టుకోకుండా వేగం తగ్గించండి. చాలా హోటళ్లలో సూప్ పంది ఎముకలతో కాస్తారు, పైన మాంసం తీసేసినా అది శాకాహారం కాదు. మాంసం ముట్టనివాళ్లకి టోక్యో స్టేషన్ లోపల ‘టీస్ తన్‌తన్’ ఉంది. అక్కడ నువ్వులు, సోయాతో పూర్తి శాకాహార తన్‌తన్‌మెన్ దొరుకుతుంది.

ఇక పై మెట్ల సంగతంటారా? సూప్ రుచి నాలుకకి తెలిసినంత వరకే కారం. ఆ పైన కొనేది పంతం, దానికి డబ్బు పెట్టడం దండగ.