పుర్రె తెరవకుండానే మెదడుకు వైద్యం

మెదడులోని రక్తనాళం గోడ ఒకచోట బలహీనపడితే అక్కడ బుడగలా ఉబ్బుతుంది. టైరు చిరిగినచోట సైకిలు ట్యూబు ఉబ్బినట్టన్నమాట. దీన్నే డాక్టర్లు అన్యురిజమ్ అంటారు. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. పగిలితే మాత్రం మెదడు చుట్టూ రక్తం చేరి ప్రాణం మీదికి వస్తుంది.

పూర్వం పుర్రె తెరిచి, ఉబ్బు మొదట్లో క్లిప్పు పెట్టేవారు. 1990లో లాస్ ఏంజిల్స్‌లో ఇటలీ డాక్టరు గుగ్లియెల్మీ బృందం కొత్త పద్ధతి మొదలుపెట్టింది. గజ్జ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టాన్ని ఎక్స్‌రే తెరపై చూస్తూ మెదడు దాకా పంపుతారు. దాని గుండా మెత్తని ప్లాటినం తీగచుట్టలను ఉబ్బులో నింపుతారు. లోపల రక్తం గడ్డకట్టి ఉబ్బు మూసుకుపోతుంది.

రెండు పద్ధతులకూ అనువైన 2143 మందిపై జరిగిన పరిశోధన 2002లో వెలువడింది. ఏడాది తర్వాత చనిపోయినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిపి ఆపరేషన్ వర్గంలో నూటికి సుమారు 31 మంది, తీగచుట్టల వర్గంలో 24 మంది. అయితే ఉబ్బు ఆకారాన్ని, చోటును బట్టి కొందరికి ఇప్పటికీ క్లిప్పే మేలు.

ఏ వైద్యమైనా సమయానికి అందాలి. మన తొర్రూరు నుండి వరంగల్‌కో హైదరాబాదుకో చేరాలి కదా! ఎన్నడూ లేనంత తలనొప్పి పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చినా, దానితో వాంతులు, మెడ పట్టేయడం, స్పృహ తప్పడం ఉన్నా, ఎండదెబ్బ అనుకొని మాత్ర మింగించి పడుకోబెట్టవద్దు. మళ్లీ రక్తం కారే ముప్పు మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. వెంటనే వార్డెన్ గారికి చెప్పి 108కి ఫోన్ చేయాలి. ఖర్చుకు జంకి ఆగకుండా, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ గురించి ఆరోగ్యమిత్రను అడగాలి.

మిత్రులారా, పొగతాగడం, అదుపులేని బి.పి. ఈ ముప్పును పెంచుతాయి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ మాట అమ్మానాన్నలకు చెబుదామని మేము కోరుతున్నాం.