పచ్చగా ఉంటే చాలా? రాకెట్ ఇంధనం పడ్డ నేలలో మొక్కల సంగతి

కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి రాకెట్ లేస్తే, టీవీలో మనకు కనిపించేది పైకి వెళ్లే నిప్పే. కింద పడేది మాత్రం గొర్రెలు, గుర్రాలు, ఒంటెలు మేసే గడ్డి మైదానాల్లో పడుతుంది.

బైకనూర్ సముద్రానికి చాలా దూరం. 1965లో మొదలైన ప్రోటాన్ రాకెట్ల మొదటి దశ, పని అయిపోగానే విడిపోయి ఆ మైదానాల మీదే పడుతుంది. ట్యాంకుల అడుగున కొంత ఇంధనం మిగిలే ఉంటుంది. దాన్ని అక్కడ హెప్టైల్ అంటారు. అది విషం. 2013 జూలై 2న ఒక ప్రోటాన్ రాకెట్ లేచిన కొద్ది సెకన్లకే వందల టన్నుల ఇంధనంతో కూలిపోయింది.

మరి మొక్కలకు ఏమవుతుంది?

మొదటి దెబ్బ కంటికి కనిపిస్తుంది. శకలాలు పడ్డ చోట మంటలు లేచి గడ్డి కాలిపోతుంది. హెప్టైల్‌ను మండించడానికి వాడే నైట్రోజన్ టెట్రాక్సైడ్ తేమ తగిలితే ఆమ్లంగా మారి ఆకులను మాడ్చేస్తుంది.

రెండో దెబ్బ కనిపించదు. హెప్టైల్ నీళ్లలో తేలిగ్గా కలిసిపోతుంది. వాన పడితే మట్టిలోకి దిగుతుంది. గాలి తగిలితే వేరే పదార్థాలుగా మారుతుంది. వాటిలో ఒకటి ఎన్‌డీఎంఏ. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఇది ఉంది. పాలకూర, లెట్యూస్ మొక్కలు దీన్ని మట్టిలోంచి పీల్చుకుంటాయని ప్రయోగాల్లో తేలింది. అడవి మొక్కల వేళ్లకు మాత్రం మినహాయింపు ఎందుకుంటుంది? ఆ మైదానాల్లో మన మాచిపత్రి, దవనం జాతి మొక్కలే విస్తారంగా పెరుగుతాయి. పశువులు వాటిని మేస్తాయి. ఆ పశువుల పాలు, మాంసమే అక్కడి కుటుంబాల తిండి.

ఇంకో చిక్కు ఉంది. ఆమ్లం మట్టిలో నైట్రేట్‌గా మారుతుంది. అది మొక్కలకు ఎరువే. కాబట్టి కొన్నాళ్లకు అక్కడ గడ్డి మళ్లీ ఏపుగా రావచ్చు. చూసేవాళ్లు నేల బాగుపడిందనుకుంటారు.

అలాగని ప్రతి నష్టాన్నీ రాకెట్ మీద వేయడమూ సరికాదు. 2015లో కజకిస్తాన్‌లో రెండు లక్షలకు పైగా సైగా జింకలు చనిపోయాయి. చాలామంది హెప్టైల్‌నే అనుమానించారు. పరీక్షల్లో తేలింది మాత్రం పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా. కంటి చూపూ, అనుమానమూ చాలవు, పరీక్ష కావాలి.

మన శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్వీ రెండో దశలోనూ ఈ రకం ఇంధనమే వాడతారు. కానీ విడిపోయే దశలు సముద్రంలో పడతాయి. కజక్ కాపరులకు ఆ వెసులుబాటు లేదు. అందుకే శకలాలు పడ్డ చోట మట్టినీ ఆకునూ పరీక్షించేదాకా మందను తోలకపోవడం, ఆకు కోయకపోవడమే మంచిది. పచ్చదనం ఒక్కటే హామీ కాదు.